అమెరికా చిల్లరలో వెండి నాణేలు గుర్తు పట్టడం ఎలా

అమెరికాలో ఉండే మనవాళ్ళ ఇళ్ళల్లో చాలావాటిల్లో చిల్లర డబ్బా ఒకటి ఉంటుంది, ఇక్కడ ఇండియాలో కూడా బాబాయో మేనమామో వచ్చినప్పుడు పిల్లల చేతిలో పెట్టిన క్వార్టర్లు, డైమ్‌లు బీరువాలో ఏదో కవర్లో పడి ఉంటాయి. వీటిల్లో వెండివి ఏమైనా ఉన్నాయా అని ఎవరినైనా అడిగితే వచ్చే మొదటి సమాధానం ఒకటే, 1964 వరకు వెండి, ఆ తర్వాత లేదు. తప్పు కాదు గానీ సగం సమాధానం అది. దాన్నొక్కదాన్నే పట్టుకుని వెతికితే 1968 హాఫ్ డాలర్‌ని కాఫీకి ఖర్చు పెట్టేస్తారు, తెల్లగా ఉంది కదా అని 1943 పెన్నీని (ఒక సెంటు నాణెం) వెండి అనుకుని భద్రంగా దాచుకుంటారు, 1998 డైమ్ కూడా వెండిది ఉండొచ్చని అసలు తట్టనే తట్టదు.

చిక్కంతా ఎక్కడుందంటే, అమెరికా మింట్ రెండు రకాల నాణేలు చేస్తుంది. ఒకటి జనం జేబుల్లోకి, కొట్టు గల్లాల్లోకి వెళ్ళేవి. రెండోది డబ్బాలో పెట్టి, కాస్త ఎక్కువ రేటుకి కలెక్టర్లకి నేరుగా అమ్మేవి. జేబు నాణేల్లోంచి వెండి 1965లో మొదలై కొన్నేళ్ళలో పూర్తిగా వెళ్ళిపోయింది. డబ్బా నాణేల్లో మాత్రం 1971 తర్వాత కూడా కొన్నేళ్ళు వచ్చింది, మధ్యలో ఆగింది, 1992 నుంచి అయితే ఏటా వస్తూనే ఉంది. చేతిలో ఉన్న నాణెం ఈ రెండిట్లో ఏ దారిలో వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు జేబు నాణేల సంగతి. డైమ్ అంటే 10 సెంట్లు, క్వార్టర్ 25, హాఫ్ డాలర్ 50. ఈ మూడూ 1964 తేదీ వరకు 90 శాతం వెండి, 10 శాతం రాగి. 1960ల మొదట్లో వెండికి గిరాకీ బాగా పెరిగింది, ఫోటో ఫిల్మ్‌కే బోలెడంత వెండి పోయేది, 1963లో ధర ఔన్సు 1.29 డాలర్లకి చేరింది. ఆ అంకె ఎందుకు ముఖ్యమంటే, పాత వెండి డాలర్‌లో 0.7734 ఔన్సుల వెండి ఉంటుంది, ఔన్సు 1.29 దాటితే డాలర్ బిళ్ళలో ఉన్న వెండే డాలర్‌కన్నా ఎక్కువ చేస్తుంది, అప్పుడు కరిగించుకోకుండా ఎవరు ఊరుకుంటారు. డైమ్‌లు, క్వార్టర్లలో వెండి కొంచెం తక్కువ కాబట్టి వాటికి ఆ గీత 1.38 దగ్గర ఉంది. దానికి తోడు దేశమంతా చిల్లర కొరత, వెండింగ్ మెషీన్లు పెరిగిపోవడం, 1964లో కెనడీ బొమ్మతో హాఫ్ డాలర్ రాగానే జనం జ్ఞాపకంగా దాచేసుకోవడం, అన్నీ కలిసొచ్చాయి.

చివరికి 1965 జూలై 23న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం పెట్టాడు. డైమ్‌లో, క్వార్టర్‌లో వెండి సున్నా. హాఫ్ డాలర్‌లో 40 శాతానికి తగ్గింపు. వెండి నాణేలు ఎక్కడికీ మాయమైపోవు, పాతవీ కొత్తవీ పక్కపక్కనే చెల్లుతాయి, దాచుకున్నా లాభం ఉండదు అని కూడా ఆయన భరోసా ఇచ్చాడు. జనం ఆ మాట విన్నారు, విని వెండివన్నీ ఏరుకుని ఇంట్లో పెట్టుకున్నారు. ఒకే విలువ ఉన్న రెండు నాణేల్లో ఒకటి వెండిది అయితే ఏది ఖర్చు పెడతారో చెప్పడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు. 1967 మేలో వెండి నాణేలు కరిగించడాన్ని, దేశం దాటించడాన్ని నిషేధించారు కూడా, రెండేళ్ళకి ఎత్తేశారు.

ఇంకో చిన్న విషయం, ఆ కొరత రోజుల్లో 1964 తేదీతోనే 1965లో కూడా నాణేలు కొట్టారు, అందుకే 1964వి అంత ఎక్కువగా కనిపిస్తాయి, మొదలుపెట్టిన వాళ్ళకి దొరికే మొదటి వెండి నాణెం చాలాసార్లు అదే అవుతుంది. కొరతకి కారణం కలెక్టర్లే అని వాళ్ళ మీద నెపం వేసి, 1965, 66, 67 నాణేల మీద మింట్ మార్కే, అంటే ఏ మింట్‌లో కొట్టారో చెప్పే అక్షరమే, వేయలేదు. నాకైతే అది అన్యాయంగానే అనిపిస్తుంది, ఆల్బమ్‌లో దాచుకునే పిల్లల వల్ల దేశానికి చిల్లర కొరత వస్తుందా!

1965 తేదీ నుంచి వచ్చిన డైమ్, క్వార్టర్‌ని క్లాడ్ అంటారు. మధ్యలో స్వచ్ఛమైన రాగి రేకు, పైనా కిందా 75 శాతం రాగి, 25 శాతం నికెల్ కలిపిన తెల్లటి పొర. క్రీమ్ బిస్కెట్‌ని పక్కనుంచి చూస్తే మధ్యలో క్రీమ్ గీత కనిపిస్తుంది కదా, ఈ నాణేన్ని అంచు మీద నిలబెట్టి చూస్తే అలాగే ఎర్రటి రాగి గీత చుట్టూ కనిపిస్తుంది. వెండిదైతే గీత ఉండదు, అంచు గాట్లన్నీ ఒకే తెలుపు. గుప్పెడు క్వార్టర్లు దొంతరగా పేర్చి లైటు కింద పక్కనుంచి చూడండి, తేదీలు చదవక్కర్లేకుండానే ఎర్ర గీతల మధ్య ఒక తెల్ల గీత టక్కున కళ్ళకి ఆనుతుంది. పాతబడిన వెండి అంచు బూడిద రంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది గానీ ఎర్రగా మాత్రం ఉండదు.

అనుమానం ఉంటే తూకం. బంగారం కొట్లో వాడే లాంటి చిన్న డిజిటల్ మెషీన్, 0.01 గ్రాము వరకు చూపించేది, తక్కువ ధరకే దొరుకుతుంది. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, క్లాడ్ 5.67. వెండి హాఫ్ డాలర్ 12.5, క్లాడ్ 11.34. డైమ్ వెండిది 2.5, క్లాడ్‌ది 2.27. క్వార్టర్ కొంత అరిగినా తేడా తెలుస్తుంది, డైమ్‌తో ఇంకా జాగ్రత్త, బాగా అరిగిపోయిన వెండి డైమ్ తూకం క్లాడ్ దగ్గరికి వచ్చేస్తుంది, అక్కడ తేదీని, అంచుని నమ్మండి. మోత వినడం కూడా ఒక పద్ధతే, నాణేన్ని వేలి కొన మీద నిలిపి ఇంకో నాణెంతో మెల్లగా తడితే వెండిది సన్నగా సాగదీసి మోగుతుంది, క్లాడ్ టక్ అని ఆగిపోతుంది. మెరిసే కొత్త నాణేల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు, గీత పడిందంటే విలువ పోతుంది.

1965 తేదీ ఉన్న డైమో క్వార్టరో అంచు తెల్లగా ఉండి, తూకం 2.5కో 6.25కో వస్తే అప్పుడు ఆగండి. పాత వెండి బిళ్ళలు కొన్ని మింట్‌లో మిషన్ల దగ్గర మిగిలిపోయి 1965 అచ్చు కింద పడ్డవి ఉన్నాయి, అవి వేల డాలర్లు పలికే తప్పు నాణేలు. చాలా చాలా అరుదు కాబట్టి ఆశలు పెట్టుకోవద్దు, కానీ తూకం వేయడానికి ఖర్చేమీ లేదు కదా.

ఇప్పుడు హాఫ్ డాలర్, నా దృష్టిలో కొత్తవాళ్ళు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కెనడీ హాఫ్ 1964ది 90 శాతం. 1965 నుంచి 1970 వరకు 40 శాతం. 1971 నుంచి జేబులోకొచ్చేవాటిల్లో వెండి లేదు. ఆ 40 శాతం నాణెం కూడా పొరలదే, పై పొరల్లో 80 శాతం వెండి, లోపల 21 శాతం దాకా వెండి, మిగతా రాగి. అందుకే దాని అంచు పూర్తి తెలుపూ కాదు, క్లాడ్‌లా కొట్టొచ్చినట్టు ఎరుపూ కాదు, పాలిపోయినట్టుంటుంది, కొన్నిటికి లేత గీత కూడా కనిపిస్తుంది. అది చూసి, రాగి గీత ఉందిలే, క్లాడ్ అని పక్కన పడేసేవాళ్ళు ఉంటారు. తూకం కూడా పెద్దగా సాయం చేయదు, ఇది 11.5 గ్రాములు, క్లాడ్ 11.34, మామూలు వంటింటి మెషీన్‌కి ఆ తేడా తెలియదు. కాబట్టి హాఫ్ డాలర్‌కి తేదీయే దిక్కు. అందులోనూ 1970ది అసలు చెలామణిలోకే రాలేదు, డెన్వర్‌లో కొట్టిన డి మార్క్‌వి మింట్ కలెక్టర్లకి అమ్మిన మింట్ సెట్లలో మాత్రమే వచ్చాయి, సుమారు 21.5 లక్షలు, శాన్ ఫ్రాన్సిస్కోవి ప్రూఫ్ సెట్లలో, అంటే కలెక్టర్ల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టిన నాణేల సెట్లలో. అది కనిపిస్తే వెండి ధరకి ఇచ్చేయకండి. 1968 నుంచి ఈ మింట్ మార్క్ కెనడీ మెడ కింద, తేదీ పైన ఉంటుంది, 1964 దాని మీద అయితే వెనక వైపు గద్ద కాలి దగ్గర వెతకాలి.

ఐదు సెంట్ల నికెల్ కథ పూర్తిగా వేరు, దానికి 1964తో సంబంధమే లేదు. మామూలు నికెల్‌లో ఎప్పుడూ వెండి లేదు, 75 శాతం రాగి, 25 శాతం నికెల్ లోహం. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకి కావాల్సొచ్చి, 1942 అక్టోబర్ నుంచి 1945 చివరి దాకా 35 శాతం వెండి, 56 శాతం రాగి, 9 శాతం మాంగనీస్ కలిపి కొట్టారు. వీటినే వార్ నికెల్స్ అంటారు. అంచు చూసి చెప్పలేం, ఎందుకంటే మామూలు నికెల్‌కి కూడా రాగి గీత ఉండదు. తూకం వేసీ చెప్పలేం, రెండూ 5 గ్రాములే. గుర్తు ఒకటే, వెనక వైపు మాంటిసెల్లో భవనం బొమ్మ ఉంటుంది, దాని గుమ్మటం పైన పెద్ద అక్షరం, పి గానీ డి గానీ ఎస్ గానీ. యుద్ధం అయ్యాక వీటిని సులువుగా ఏరి పక్కన పెట్టుకోవచ్చని కావాలనే అంత పెద్దగా వేశారు. ఫిలడెల్ఫియా మింట్ తన నాణేల మీద పి అక్షరం వేయడం అదే మొదటిసారి. 1942లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఆ ఏడాదివి తేదీ చూసి సంతోషపడకుండా తిప్పి చూడాలి. మాంగనీస్ వల్ల వీటి రంగు ఒక రకంగా మాసిపోయి ఆకుపచ్చ కలిసిన నలుపులోకి దిగుతుంది, అందుకే చిల్లర గుట్టలో అన్నిటికన్నా మురికిగా కనిపించే నికెల్‌నే ముందు తీసి చూడటం మంచిది.

ఇందులో ఒక సరదా ముచ్చట ఉంది. 1944 నికెల్ మీద గుమ్మటం పైన అక్షరం లేకపోతే అది అరుదైనది కాదు, దొంగది. న్యూజెర్సీలో ఫ్రాన్సిస్ హెన్నింగ్ అనే ఆయన 1950లలో దొంగ నికెల్స్ కొట్టాడు, 1944 తేదీ వేసి పి వేయడం మర్చిపోయాడు, దాంతోనే దొరికిపోయాడు. ఐదు సెంట్ల నాణేనికి దొంగ అచ్చు తయారు చేసే ఓపిక ఉన్నవాడికి అసలు నాణెం తిప్పి చూసే ఓపిక లేకపోయింది. ఇప్పుడు ఆ దొంగ నికెల్సే కొందరు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

ఇక డబ్బా నాణేలు. ఇక్కడ జనంలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది, ఎస్ అక్షరం ఉంటే సిల్వర్ అని. కాదండీ. ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో మింట్, అంతే. 1968 నుంచి కలెక్టర్ల ప్రూఫ్ నాణేలు ఎక్కువగా అక్కడే చేస్తున్నారు, వాటిల్లో క్లాడ్‌వే ఎక్కువ. అద్దంలా మెరిసే ఎస్ క్వార్టర్ ఒకటి చిల్లరలో దొరికిందంటే, ఎవరో తాతగారి ప్రూఫ్ సెట్ చింపి ఖర్చు పెట్టారన్నమాట, వెండి అవునో కాదో అంచు చూశాకే చెప్పగలం.

1971లో ఐసెన్‌హోవర్ బొమ్మతో పెద్ద డాలర్ నాణెం వచ్చింది, 1978 వరకు నడిచింది. కొట్లలోకి వెళ్ళినవన్నీ క్లాడ్. కలెక్టర్ల కోసం మాత్రం 1971 నుంచి 1974 వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో 40 శాతం వెండివి చేశారు, మామూలువి నీలం కవర్లో, ప్రూఫ్‌వి చెక్క రంగు పెట్టెలో అమ్మారు, అందుకే వాటిని బ్లూ ఐక్, బ్రౌన్ ఐక్ అంటారు, ఐక్ అంటే ఐసెన్‌హోవరే. 1973 నుంచి అదే ఎస్ మార్క్‌తో క్లాడ్ ప్రూఫ్‌లు కూడా వచ్చాయి కాబట్టి మార్క్ ఒక్కటి చాలదు. అదృష్టం కొద్దీ దీని తూకం తేడా పెద్దదే, వెండిది 24.59 గ్రాములు, క్లాడ్ 22.68, ఏ మెషీన్ అయినా చెప్పేస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళయిన సందర్భంగా 1776–1976 అని రెండు తేదీలతో వచ్చిన క్వార్టర్, హాఫ్, డాలర్ ఇప్పటికీ చిల్లరలో వస్తుంటాయి. డప్పు వాయించే మనిషి బొమ్మ ఉన్న క్వార్టర్ చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. నూటికి దాదాపు నూరూ క్లాడే. ఎస్ మార్క్‌తో, మూడు నాణేల సెట్లుగా అమ్మినవి మాత్రం 40 శాతం వెండి, కానీ ఎస్ మార్క్‌తో క్లాడ్ ప్రూఫ్‌లూ ఉన్నాయి, మళ్ళీ అంచు దగ్గరికే రావాలి.

1992 నుంచి మింట్ ఏటా సిల్వర్ ప్రూఫ్ సెట్ అని వేరుగా అమ్ముతోంది. అందులో డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్ 90 శాతం వెండి, 2019 నుంచి అయితే 99.9 శాతం. అదే సెట్‌లో ఉన్న పెన్నీ, నికెల్, బంగారు రంగు డాలర్ మాత్రం వెండివి కావు, సెట్ పేరు చూసి అన్నీ వెండి అనుకోవద్దు. 1999 నుంచి 2008 దాకా వచ్చిన రాష్ట్రాల క్వార్టర్లకి కూడా ఇలాగే వెండి రూపాలు ఉన్నాయి, టెక్సస్ క్వార్టర్ అయినా న్యూజెర్సీ క్వార్టర్ అయినా జేబులోకొచ్చింది క్లాడ్, సిల్వర్ సెట్‌లోంచి వచ్చింది వెండి. సెట్ విప్పకుండా ఉంటే పెట్టె మీద సిల్వర్ అని రాసే ఉంటుంది, విడిగా దొరికితే రాగి గీత లేకపోవడమే సాక్ష్యం. అరుదుగా ఎస్ కాని వెండివి కూడా చేశారు, 2014లో కెనడీ హాఫ్‌కి 50 ఏళ్ళు నిండినప్పుడు పి, డి, ఎస్, డబ్ల్యూ నాలుగు మార్కులతో 90 శాతం వెండి సెట్ అమ్మారు, 2015లో డైమ్‌కి పి, డబ్ల్యూ మార్కులతో అలాగే చేశారు.

సిల్వర్ ఈగిల్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, 1986 నుంచి వస్తోంది, సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాముల 99.9 శాతం వెండి, పైన ఒక డాలర్ అని ఉన్నా డాలర్‌కి ఎవరూ ఇవ్వరు. స్మారక నాణేల్లో డాలర్‌వి 1983 నుంచి వెండివే, హాఫ్ డాలర్‌వే తికమక, 1982 జార్జ్ వాషింగ్టన్ హాఫ్ 90 శాతం వెండి, 1986 స్టాట్యూ ఆఫ్ లిబర్టీ హాఫ్ క్లాడ్. పాత మోర్గన్, పీస్ డాలర్లు 90 శాతం వెండి, 1935 తర్వాత ఆగిపోయి, 2021లో అవే బొమ్మలతో కొత్తగా 99.9 శాతం వెండివి వచ్చాయి. ఈగిల్స్, మోర్గన్‌లకి దొంగ కాపీలు విపరీతం, కాబట్టి ఊరూ పేరూ లేని సైట్‌లో సగం రేటుకి వస్తున్నాయంటే అటు వెళ్ళొద్దు. మోర్గన్ తూకం 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, ఈ రెండూ ఒకేసారి సరిపోవడం దొంగ కాపీకి కష్టం.

తెల్లగా ఉన్నా వెండి లేనివి చూస్తే, 1943 పెన్నీ జింక్ పూసిన ఉక్కు, అయస్కాంతానికి టప్పున అతుక్కుంటుంది, వెండి ఎప్పుడూ అతుక్కోదు. సూసన్ ఆంథనీ డాలర్, 1979 నుంచి 81 వరకు, మళ్ళీ 1999లో వచ్చింది, క్లాడ్. సకగవియా డాలర్ పసుపు రంగులో ఉంటుంది, అందులో వెండీ లేదు బంగారమూ లేదు. టీవీల్లో అమ్మే ప్లాటినం పూత, బంగారు పూత క్వార్టర్లు మామూలు క్లాడ్ మీద మింట్‌తో సంబంధం లేని కంపెనీలు వేసిన పూతలే, పూత అంచుని కూడా కప్పేస్తుంది కాబట్టి గీత కనపడదు, అక్కడ తూకం వేస్తే గుట్టు బయటపడుతుంది. బ్యాంక్ రోల్స్‌లో కెనడా డైమ్‌లు కూడా కలిసొస్తాయి, వాటిల్లో 1920 నుంచి 1966 వరకు 80 శాతం వెండి, అది ఊరికే వచ్చిన బోనస్.

ఎక్కడ వెతకాలి అంటే, అమెరికాలో ఉన్నవాళ్ళకి సులువు, బ్యాంక్‌కి వెళ్ళి హాఫ్ డాలర్ రోల్స్ అడగండి, 10 డాలర్లకి 20 నాణేలు వస్తాయి, చూసుకుని వద్దనుకున్నవి తిరిగి డిపాజిట్ చేసేయొచ్చు, పోయేదేమీ లేదు. హాఫ్ డాలర్లు జనం వాడరు కాబట్టి 40 శాతంవి ఇంకా అక్కడే మిగిలిపోయి ఉన్నాయి. సూపర్ మార్కెట్‌లో చిల్లర లెక్కపెట్టే మెషీన్లు వెండి నాణేలని తిప్పికొడతాయి, ఆ తిప్పికొట్టిన గిన్నెలో చెయ్యి పెట్టి చూడ్డం సిగ్గుపడాల్సిన పని కాదు, అనుభవం ఉన్నవాళ్ళందరూ చేసేదే.

విలువ లెక్క తేలిక. 90 శాతం డైమ్, క్వార్టర్, హాఫ్ ఏది కలిపినా ముఖ విలువ ఒక డాలర్ అయితే తూకం సరిగ్గా 25 గ్రాములు, అందులో వెండి 0.7234 ఔన్సు. అరుగుదల తీసేసి వ్యాపారులు 0.715 లెక్క కడతారు, అంటే 1.40 డాలర్ల చిల్లర దాదాపు ఒక ఔన్సు వెండి. విడిగా చూస్తే క్వార్టర్‌లో 0.1808, డైమ్‌లో 0.0723, హాఫ్‌లో 0.3617, 40 శాతం హాఫ్‌లో 0.1479, వార్ నికెల్‌లో 0.0563 ఔన్సు. ఔన్సు 30 డాలర్లు అనుకుంటే క్వార్టర్ 5.42, వార్ నికెల్ 1.69 అవుతుంది, ఆ రోజు ధర వేసుకుని మీరే గుణించుకోండి. కొనేవాళ్ళు 90 శాతం వాటికి ఇచ్చినంత దగ్గర రేటు 40 శాతం వాటికి, వార్ నికెల్స్‌కి ఇవ్వరు, శుద్ధి చేసే ఖర్చు ఎక్కువ కాబట్టి. ఇండియాలో అమ్మాలనుకుంటే కొట్టువాడికి ఇది అమెరికా నాణెమా కాదా అనేది పట్టదు, నూటికి తొంభై అని చెప్పి గ్రాముల్లో లెక్క అడగండి, 90 శాతం హాఫ్ డాలర్‌లో 11.25 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది.

నల్లబడ్డ నాణేల్ని టూత్‌పేస్ట్‌తోనో చింతపండుతోనో తోమకండి, పూజ గదిలో వెండి సామాను కాదు ఇవి, తోమిన నాణేన్ని కలెక్టర్ ఒక్క చూపులో పట్టేసి వెండి ధర తప్ప పైసా ఎక్కువ ఇవ్వడు. తూకానికి ఇచ్చేసే ముందు తేదీ, మింట్ మార్క్ ఇంకోసారి చూసుకోండి. 1932 క్వార్టర్ వెనక గద్ద కింద డి గానీ ఎస్ గానీ ఉంటే, 1916 డైమ్ వెనక డి ఉంటే, వాటి రేటుకీ వెండి ధరకీ ఏ సంబంధం ఉండదు, వాటిని నాణేలు తెలిసిన వాళ్ళకే చూపించాలి.